గేదె ముందు ఆకులేరుకున్న కోడలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పెద్దిరాజని ఒక రాజు. రాజంటే మరీ అంత రాజేం కాదులే, గేదెకి మేత రాణి వరాలమ్మే వేసుకునేది. ఒరే, కాళ్ళు ముడుచుకో, నీ తన్నులకి కథ మర్చిపోతున్నాను.

వాళ్ళబ్బాయి ఓడెక్కి ఏడు సముద్రాల అవతలికెళ్ళి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. ఆ పిల్ల పేరు ఎవరికీ నోరు తిరక్క చిలకమ్మన్నారు. పిల్ల బంగారమే, కానీ తిండి తినదు. అన్నం పెడితే తినదు, అట్టు పోస్తే తినదు, అరిసె ఇస్తే వాసన చూసి పక్కన పెడుతుంది. ఏం కావాలో కనుక్కోరా అంటే కొడుక్కి వాళ్ళ భాషలో రా, పో తప్ప రావు. మరెలా పెళ్ళాడావురా అంటే, రమ్మన్నాను, వచ్చిందమ్మా అన్నాడు. ఊ కొడుతున్నారా?

పిల్ల చిక్కి సగమైపోయింది. ఆ పాపం మనకొద్దు, రేపు ఓడెక్కించి పుట్టింటికి పంపేద్దామన్నాడు రాజు. వరాలమ్మకి మనసొప్పలేదు. ఆడపిల్లల్లేని మనిషి. ఆ పిల్లొచ్చి జడ వేయించుకోడానికి ముందు కూర్చుంటే కడుపు నిండిపోయేది.

ఆ రోజే పెరట్లో లేత మొక్కజొన్న పొత్తులు కోశారు. వాటిని చూసి పిల్ల మొహం విప్పారింది. హమ్మయ్య అనుకుని వరాలమ్మ ఆకులన్నీ ఒలిచి గేదె ముందు పడేసి, పొత్తు కాల్చి ఇచ్చింది. తినలేదు. ఉడకబెట్టి ఇచ్చింది. తినలేదు. ఏడ్చింది. ఏడ్చి, లేచి వెళ్ళి, గేదె ముందున్న ఆకులు ఏరుకోవడం మొదలెట్టింది.

రాణికి మతిపోయింది. రాణి రాజునడిగింది, రాజు మంత్రినడిగాడు, మంత్రి సోదెమ్మనడిగాడు, సోదెమ్మ చింతచెట్టునడిగింది. చెట్టేం చెబుతుంది, నా మొహం. దయ్యమే పట్టిందని సోదెమ్మ తనే తేల్చేసి వేపమండలు పట్టుకొచ్చింది.

ఈలోగా ఆ పిల్ల ఆకులు కడిగింది. మిగిలిన పచ్చి పొత్తుల గింజలు కోసి రుబ్బింది. వెన్న, ఉప్పు, చిటికెడు బెల్లం కలిపింది. ఆ ముద్దని తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఆకుల్లోనే పెట్టి, మడిచి, ఆకు చీలికతోనే కట్టింది. వరాలమ్మకి బుర్ర తిరిగింది. మళ్ళీ ఆకుల్లోనే పెట్టేదానికి ఒలవడం దేనికి? నిజంగా దయ్యమేనేమో. మరి దయ్యానికి ఇంత ఓపికెక్కడిది? ఎటూ తేలలేదు. తేలకపోయినా గుమ్మానికి అడ్డంగా నిలబడి, నాకూ ఏమీ అర్థం కావట్లేదు గానీ, పిల్ల పని అయ్యేదాకా ఎవరూ లోపలికి రావద్దంది.

కుండలో అడుగున నీళ్ళు, పైన పుల్లలు, పుల్లల మీద ఆ పొట్లాలు, మూత. ఆవిరికి ఇల్లంతా ఒకటే కమ్మటి వాసన. పిల్ల మొదటి పొట్లం తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. వరాలమ్మ ఆకుతో సహా కొరికింది. నమిలింది, నమిలింది. మింగుడు పడదు, ఉమ్మేస్తే కోడలు నొచ్చుకుంటుందేమోనని భయం. చిలకమ్మ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. ఆకు విప్పి, కుడుము తుంచి అత్తగారి నోట్లో పెట్టింది. ఆ తర్వాత తనూ తింది, ఒకటి తిని, ఇంకోటి తిని, వేళ్ళు నాక్కుంది. వరాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. రాజు ఓడని పొమ్మని కబురు పెట్టి, నాకూ ఒకటి పెట్టండర్రా అని పీట వేసుకున్నాడు. అంతా హాయిగా ఉన్నారు.

మనకి అర్థం కానిదల్లా దయ్యం కాదర్రా. వేపమండ పట్టుకునే ముందు కాస్త ఓపిక పట్టాలి. ఏమిటే, ఆకుతో తినాలా, తీసి తినాలా అంటావేమిటి, ఇంతసేపూ ఏం విన్నావు? సరే, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.