వకుళమ్మ గారి వరద లెక్క

ఒట్టేసి చెబుతున్నా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ రాలిపోవాలి. రాలడానికి ఇంకా రెండున్నాయి, వాటి మీదే ఒట్టు.

ఆ రోజు గోదావరి ఎంత కోపంగా ఉందంటే, వంతెన మీద కాకులు కూడా ఒకదాని రెక్క ఒకటి పట్టుకుని దాటాయి. నీటి లెక్కల ఆఫీసులో గిరిధర్‌కి మాత్రం ముచ్చెమటలు. సాయంత్రానికి పుల్లేటి లంక దగ్గర నీళ్లు ఎన్ని అడుగులకొస్తాయో అతను చెప్పాలి. పది దాటితే లంకలో జనాన్ని వెలుగుండగానే పడవలెక్కించాలి. చీకటి పడ్డాక ఆ సుడుల్లోకి ఏ పడవా దిగదు.

లెక్క కొత్తది కాదు. అతని గురువు వకుళమ్మ గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కంప్యూటర్‌కి అర్థమయ్యే సి భాషలో రాసి, కంపైల్ చేసి, మూత బిగించి పెట్టింది. ఆవిడ రిటైరైంది గాని ఆ లెక్క కాలేదు. గిరిధర్ పైథాన్ అనే కొత్త కంప్యూటర్ భాషలో నాలుగు లైన్లు రాసి దాన్ని పేరు పెట్టి పిలిచాడు. వాన ఎంతో, ప్రవాహం ఎంతో పద్ధతిగా లోపలికి పంపాడు.

మూడడుగులని జవాబొచ్చింది. ఎందుకైనా మంచిదని మళ్లీ అడిగాడు. నలభై లక్షల అడుగులంది! అంత నీరొస్తే లంకేం ఖర్మ, చందమామ కూడా మునగాలి. ఇంకోసారి అడిగితే మళ్లీ మూడు.

ఆ మూడే ఎక్కువ భయపెట్టింది. నమ్మబుద్ధయ్యే అంకె అది.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని వానలో గురువుగారింటికి పరిగెత్తాడు. ఆ విసురుకి వీధిలో గొడుగులన్నీ వెనక్కి తిరిగిపోయాయి.

"మేడమ్, మీ లెక్క పాడైపోయిందండీ! పాతబడిపోయింది. మళ్లీ రాద్దామంటే టైం లేదు!"

వకుళమ్మ గారు స్క్రీన్ వంక ఓసారి చూసింది. "వణికిపోతున్నావు. ముందు కాఫీ తాగు."

"కాఫీ ఏంటి మేడమ్! అక్కడ జనం..."

ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి లోపల్నుంచే కేకేసింది. "పెట్టాను, తీసుకో!"

ఎదురుగా కిటికీలో గ్లాసుంది, పైన నురగ. గిరిధర్ తీసుకుని గటగటా రెండు గుక్కలు మింగాడు.

కుంకుడు రసం!

అతను ఉమ్మిన ఉమ్ముకి పెరట్లో జామాకులు సగం రాలాయి. "చంపేశారండీ! మీ కాఫీ..."

"నా కాఫీకేమైంది?" వకుళమ్మ గారు తలుపు పక్కన గూడు చూపించింది. అందులో కాఫీ పొగలు కక్కుతోంది. "పెట్టాల్సిన చోటే పెట్టాను. నువ్వెక్కడ తీసుకున్నావు?"

"మీరు చెప్పలేదు కదా..."

"నువ్వడిగావా?"

గిరిధర్ నోరు తెరిచాడు. మాటకి బదులు బుడగొచ్చింది. మూసేశాడు.

గబగబా లాప్‌టాప్ తెరిచాడు. లోపలికి పంపేవి ఏ రకం అంకెలో ముందే చెప్పాడు. తిరిగొచ్చేది ఏ రకమో చెప్పనే లేదు. చెప్పకపోతే పైథాన్ దాన్ని పూర్ణసంఖ్యే అనుకుంటుంది. పూర్ణసంఖ్యలుండే చోటే చెయ్యి పెట్టి, అక్కడ ఏది పడుంటే అది పట్టుకొస్తుంది. ఆవిడ లెక్క ఇచ్చేది దశాంశం, దాన్ని పెట్టే చోటు వేరు.

తిరిగొచ్చేది దశాంశమని ఒక్క లైను చేర్చాడు. పదమూడు పాయింట్ రెండు. మళ్లీ అడిగాడు. అదే.

"పదమూడండీ!" ఫోన్‌లో అరిచాడు. "పడవలు తియ్యండి, ఇప్పుడే!"

వకుళమ్మ గారు కాఫీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను తాగలేదు. "వెలుగు సరిపోతుందా మేడమ్?" అన్నాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూస్తూ ఉండిపోయారు.

మసక పడుతుండగా ఫోన్ మోగింది. ఆఖరి పడవ ఒడ్డుకి తగిలింది. లంకంతా దిగింది, మేకలతో సహా.

అప్పుడు గాని గిరిధర్ ఆ గ్లాసు నోట పెట్టలేదు. ఐసుగడ్డలా ఉంది. కిక్కురుమనకుండా చివరి చుక్క దాకా తాగాడు.

కథ అయిపోయింది, ఇక లే, కూర్చుని విన్నది చాలు. సందు చివర కొట్లో కొత్తిమీర కట్ట పట్టుకురా. పుదీనా తెచ్చావో, గుమ్మం తొక్కనివ్వను.