తాయారమ్మ పోయని నీళ్ళు

అనగనగా మన ఊరిలాంటి ఊళ్ళోనే తాయారమ్మ అని ఒక మామ్మ ఉండేది. ఆ వీధిలో ఏ ఇంట్లో పురుడొచ్చినా పసిబిడ్డకి నీళ్ళు పోసేది ఆవిడే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, బిడ్డని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండి నలిచి పోసేది. ఎంత గుక్కపట్టే పిల్లైనా ఆవిడ చేతిలో ఊరుకునేది. నీకూ నేను అలాగే పోశాను, నీకు గుర్తుండదులే.

ఆవిడకి ముగ్గురు కోడళ్ళు. ముగ్గురూ బంగారాలే. అక్కడే వచ్చింది చిక్కు.

పెద్దకోడలు "మీరు వంగలేరు అత్తయ్యా" అని చీపురు లాక్కుంది. అప్పుడు నడిపికోడలు "ఎండలో మీకెందుకండీ" అని కూరల సంచీ లాక్కుంది. ఆ తర్వాత చిన్నకోడలు "ఈ వయసులో మెట్లెక్కుతారా" అని మేడ మీద బట్టలారేసే పని కూడా లాక్కుంది. లాక్కుని కుర్చీ వేశారు. కూర్చున్న చోటికే సున్నుండలు, జంతికలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, తాయారమ్మ మాత్రం కొండంతయింది! మోకాళ్ళు మొరాయించాయి. ఇక పీట మీదికి వంగలేకపోయింది.

అప్పుడు మనవరాలు హైమకి నెల తప్పింది. "నా బిడ్డకి నువ్వే నీళ్ళు పోయాలి మామ్మా" అంది.

తాయారమ్మకి అదొక్కటే పట్టుకుంది. ఎలాగైనా ఒళ్ళు తగ్గి పీట మీద కూర్చోవాలి. ఏం చేసిందనుకున్నావ్? సోమవారం శివుడికి ఉపవాసం, మంగళవారం ఆంజనేయుడికి, శనివారం వెంకన్నకి. మిగతా రోజులు కాస్త మజ్జిగన్నం. కుర్చీ మాత్రం దిగలేదు. కోడళ్ళు దిగనిస్తేగా!

ఒళ్ళు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. వీధంతా మెచ్చుకుంది.

ఆ తర్వాత హైమకి ఆడపిల్ల పుట్టింది. పీట వేశారు. తాయారమ్మ కూర్చుంది. బిడ్డని కాళ్ళ మీద పెట్టారు. నూనె చేత్తో తిప్పబోతే చేతుల్లో పట్టు చాల్లేదు. బిడ్డ జారింది. హైమ చటుక్కున పట్టుకుంది గనక సరిపోయింది.

"వద్దులే మామ్మా" అంది హైమ, మెల్లిగా.

తాయారమ్మ లేవబోయింది, లేవలేకపోయింది. ముగ్గురు కోడళ్ళూ కలిసి లేపారు. పాపం!

డాక్టరమ్మ చూసి, "కొవ్వొక్కటే కాదు మామ్మగారూ, కండ కూడా కరిగించేసుకున్నారు. తింటూ తగ్గాలి, కదులుతూ తగ్గాలి" అంది.

అప్పుడు మళ్ళీ పప్పూ పెరుగూ వేళకి తినడం మొదలెట్టింది, సున్నుండలు మాత్రం వద్దంది. కుర్చీ పట్టుకుని లేచింది, కూర్చుంది. గోడ పట్టుకుని నడిచింది. నీళ్ళ చెంబు ఎత్తింది, దించింది. ముక్కుతూ మూలుగుతూనే చేసింది. పెద్దకోడలి చేతిలో చీపురు వెనక్కి లాక్కుంది కూడా.

మెల్లమెల్లగా చేతులు గట్టిపడ్డాయి. ఒకనాడు తనే పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, "తీసుకురావే నీ పిల్లని!" అని కేకేసింది.

పిల్ల వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళ మీద పడుకోబెడితే ఉంటేనా! చెంబు లాక్కుని, తన నెత్తిన తనే నీళ్ళు పోసుకుని కిలకిలా నవ్వింది. తాయారమ్మ కూడా నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. పసితనం ఎవరి కోసమూ ఆగదు కదమ్మా.

అందుకే బుజ్జీ, రేప్పొద్దున నేను లేస్తుంటే "నువ్వు కూర్చో అమ్మమ్మా" అనకు. చెయ్యి మాత్రం ఇయ్యి.

కూర్చుంటే కాళ్ళు కుర్చీవి,
లేచి నడిస్తే మనవి.
కథేమో నడుచుకుంటూ కంచికి,
మనమేమో చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటికి.