కువైటు కూతురి మేకలు

అనగనగా ఒక ఊళ్ళో, మన రాయచోటికి అవతలే అనుకో, ఒక అవ్వ. అవ్వకు ఒక కూతురు, కూతురికి ఒక చంటిపిల్ల. చేనుకు వాన లేదు, ఇంటికి సరైన కప్పు లేదు.

అప్పుడు ఆ కూతురు పిల్లను అవ్వ ఒళ్ళో పెట్టి కువైటు పోయింది. అక్కడ ఒక ముసలామెకు అన్నం తినిపించి, కాళ్లు ఒత్తి, కనిపెట్టుకుని ఉండడమే దాని పని.

మొదటిసారి పంపిన డబ్బుతో ఇంటికి రేకులు వేశారు. ఆ తర్వాత పంపిన డబ్బుతో పిల్ల జ్వరానికి మందులు కొన్నారు. మూడోసారి పంపినప్పుడు కూతురు ఫోన్లో, "అమ్మా, ఈడ నేను పండుకునే మంచం కూడా నాది కాదు. మనింట్లో నాదంటూ ఒక మేకపిల్లనన్నా కొనమ్మా" అనింది.

అవ్వ కొనింది. ఆ తర్వాత కూడా ఇల్లు గడవగా మిగిలిందంతా మేకలకే పెట్టింది. ఫోన్ వస్తే చాలు, ఒకదాని చెవి మెలేసి "మే" అనిపించేది! కూతురు అంత దూరాన పడీపడీ నవ్వేది.

పక్కింటి సిద్దమ్మ నోరు ఊరుకోదు కదా. "ఏందక్కా, కూతురు కువైటులో ఉంటే మేడ కట్టుకోవాల గానీ, ఈ మేకలేంది, ఈ కంపేంది?" అనేది.

అవ్వ ఏమన్నా తక్కువదా? "మేడ పిల్లల్ని పెడతాదా సిద్దమ్మా?" అని మూతి తిప్పేది.

అప్పుడు ఉన్నట్టుండి డబ్బు రాలేదు. ఫోనూ రాలేదు. అవ్వకు ముద్ద దిగలేదు. డబ్బు వచ్చిందంటే బిడ్డ బాగుందని గుర్తు తల్లీ. ఆ గుర్తే లేకుండా పోయింది.

ఆ తర్వాత కూతురి స్నేహితురాలు ఫోన్ చేసింది. ముసలామె చనిపోయిందట, పని పోయిందట, తిరిగొచ్చేందుకు టికెట్టుకు డబ్బుల్లేవట. ఇంట్లో చెప్పుకోలేక సిగ్గుతో ఊరకే కూర్చుందట.

"దానికియ్యి ఫోను" అనింది అవ్వ. "సిగ్గెందుకే పిచ్చిదానా! ఈ మేకలు ఎవరివనుకున్నావు?" అని ఏడుస్తూనే తిట్టింది.

తెల్లారి మేకల్ని సంతకు తోలింది. వెనక అదిలించింది ఎవరనుకున్నావు? సిద్దమ్మే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని!

అప్పుడు కూతురు విమానం దిగింది, బస్సు దిగింది, పరుగున వచ్చి వాకిట్లో పిల్లను ఎత్తుకుంది. అవ్వకు ప్రాణం లేచొచ్చింది.

మేకలన్నీ అయిపోయాయా అంటావా? ఒకదాన్ని ఉంచుకుందిలే. దొడ్లో అరుస్తోంది, వినపడ్లా?

ఇక పడుకో. పొద్దున లేస్తే ఆ కూతురే నీకు జడ వెయ్యాలి.

మేకలేమో సంతకు పోయె,
టికెట్టేమో కువైటు పోయె,
కథేమో కంచికి పోయె,
మీ అమ్మేమో ఇంటికి వచ్చె!