కూసున్నమ్మ రేవులో ఒప్పుకునే తప్పు

రండి తల్లీ, రండి నాయనా. చంటిబిడ్డలున్నవాళ్లు ఇంకాస్త ముందుకు జరగండి, ఏటిగాలికి నా మాట కొట్టుకుపోతుంది. దర్శనానికి తొందర లేదు. కథ విన్నాకే ఈ తల్లి ముఖం సరిగా కనిపిస్తుంది.

తుంగభద్ర ఒడ్డున మీరు చూస్తున్న ఈ క్షేత్రానికి గోపురం లేదు. ఒడ్డుకు దగ్గరగా నీటిలోని బండమీద, మోకాళ్లు ముడుచుకుని, ఒక చేయి ముందుకు చాపి కూర్చున్న ఆడమనిషిలాంటి రాయి ఒకటే ఉంది. ఆమే కూసున్నమ్మ.

పూర్వం ఇక్కడ ఓబులేసు అనే బెస్త ఉండేవాడు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిని నడపడంలో అతనికి సాటి లేదు. పుట్టిలో ఎక్కినవాళ్లెవరూ లేచి నిలబడకూడదు. నిలబడితే బరువు ఒరిగి బోర్లాపడుతుంది. బెస్తల పిల్లలకు నడక కన్నా ముందు నేర్పే సంగతి ఇది.

ఒక శ్రావణమాసంలో ఏరు పొంగి లంకలోని గుడిసెలను చుట్టుముట్టింది. తక్కిన బెస్తలు వెనకాడారు. ఓబులేసు ఒక్కడే పుట్టి దించాడు. ఎనిమిది విడతల్లో ముప్పై ఏడుగురిని దాటించాడు. అరచేతుల తోలు ఊడినా తెడ్డు వదలలేదు. ఆ పూట అతని గుండెలో దేవుడే ఉన్నాడు. అందులో అబద్ధం లేదు.

లంకలో చివరికి మిగిలింది మంత్రసాని తిప్పమ్మ. ప్రతి విడతలోనూ తన చోటు ఇంకొకరికి ఇచ్చింది.

"ఎక్కు అవ్వా, ఏరు ఆగదు" అని ఓబులేసు కేకలేస్తే, "నా చేతుల్లో పుట్టినోళ్లు ముందు పోనీరా. నిన్ను కాళ్లు పట్టి తలకిందులుగా ఏలాడదీసినదాన్ని, నాకే చెప్పొస్తావా?" అని నవ్వింది.

తొమ్మిదో విడతలో ఆమె ఒక్కతే ఎక్కింది. ఒడ్డు దగ్గరపడింది. గట్టుమీద జనం చేతులెత్తి "ఓబులేసూ! మా దేవుడా!" అని అరిచారు. ఆ పిలుపు అతనికి తలకెక్కింది. అందరికీ తాను కనబడాలనిపించింది. తెడ్డు పైకెత్తి లేచి నిలబడ్డాడు.

"కూసోరా!" అంటూ తిప్పమ్మ చేయి చాపింది. అంతలోనే పుట్టి బోర్లాపడింది. అతను ఈది బయటపడ్డాడు. ఆమె దొరకలేదు.

గట్టుమీది జనం వేరేగా అనుకున్నారు. "సుడి వచ్చింది, దాంతో కలబడడానికి లేచాడు" అన్నారు. ఓబులేసు ఔననలేదు, కాదనీ అనలేదు. తిప్పమ్మ కూతురు ఈరమ్మ జొన్నరొట్టెలు తెచ్చి, "అన్నా, మా అమ్మ కోసం ప్రాణానికి తెగించినావు" అని కాళ్లకు మొక్కింది. అతను నిజం చెప్పకుండానే ఆ రొట్టెలు అందుకున్నాడు.

ముప్పై ఏడుగురిని తలుచుకుంటే ఛాతీ ఉబ్బేది. ఒక్కరిని తలుచుకుంటే తనంత నీచుడు లేడనిపించి ఏట్లో పడబోయేవాడు. ఆ గొప్పవాడూ ఈ నీచుడూ తానే ఎలా అయ్యాడో అతనికి అంతుపట్టలేదు.

ఒకనాటి మధ్యాహ్నం బోర్లించిన పుట్టి నీడలో నిద్రపోతుంటే కల వచ్చింది. నీటిలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. అమ్మవారో, తిప్పమ్మో తెలియలేదు. "దాటించింది నువ్వే, ముంచిందీ నువ్వే. బరువంతా ఒకపక్కకే చేర్చి ఎంతదూరం పోతావు?" అన్నది.

దసరా నాటికి ఏరు తగ్గింది. తిప్పమ్మ మునిగినచోట ఈ రాయి బయటపడింది. అదేరోజు ఊరంతా రేవులో చేరి ఓబులేసుకు సన్మానంగా తలపాగా చుట్టబోయింది. ఊరి పెద్దరెడ్డి బట్ట తలకు తాకించబోతుంటే ఓబులేసు చేయి అడ్డం పెట్టాడు.

"ఆగండి రెడ్డీ. సుడి లేదు. మీకు కనబడాలని నేనే లేచి నిలబడినాను. అవ్వను ముంచింది నేనే."

"పిచ్చోడా, నిన్నెవరడిగినారు? ఊరికే చుట్టించుకోరాదా!" అన్నారెవరో.

ఈరమ్మ ముందుకొచ్చింది. "మా అమ్మ కడసారి ఏమన్నది?"

"కూసోరా అన్నదమ్మా. నేను ఇనలేదు."

ఆమె గుప్పెడు ఇసుక తీసి అతని ముఖాన కొట్టింది. రెండేళ్లు అతనితో మాట్లాడలేదు. తల్లి పనే ఆమెకూ వచ్చింది. ఒకరోజు అవతలి ఒడ్డున కాన్పుకు పిలుపొస్తే, రేవులో ఓబులేసు తప్ప ఎవరూ లేరు. పుట్టి ఎక్కి, "కూసొని తోలు" అన్నది. అతను కూర్చుని తోలాడు. ఆమె క్షమించిందని పెద్దలెవరూ చెప్పలేదు. మనమూ కల్పించి చెప్పకూడదు.

నేటికీ దసరానాడు ఓబులేసు వంశంవాళ్లకే మొదటి తలపాగా. అయితే అందుకునేవాడు ముందు నేలమీద కూర్చుని, "మా పెద్దాయన ముప్పై ఏడుగురిని దాటించినాడు, ఒక్కరిని ముంచినాడు" అనాలి. ఆ వెంటనే ఆ ఏడాది తాను చేసిన తప్పొకటి చెప్పాలి. నిరుడు తలపాగా అందుకున్నాయన "బిడ్డ పెండ్లికి తోడబుట్టినోణ్ణి పిలవలేదు" అని ఏడ్చాడు. వచ్చిన భక్తులూ పక్కవారి చెవిలో తమ తప్పొకటి చెప్పుకుంటారు. అలా చెప్పుకున్నవారికి మనసు తేలికపడుతుందని, విడిపోయిన ఇళ్లలో మళ్లీ పలకరింపులు మొదలవుతాయని ఇక్కడివారి నమ్మకం.

తల్లులారా, ఇంటికి పోయాక తక్కినదంతా మరిచిపోయినా ఫరవాలేదు. తలకు తాకబోయే తలపాగాకు అతను చేయి అడ్డం పెట్టాడే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మిమ్మల్ని నలుగురూ పొగిడేరోజు ఒక్కసారి ఆ పని చేయండి. ఆ పొగడ్తలో లేని నిజాన్ని మీ నోటితో మీరే చెప్పండి. ఈరమ్మ రొట్టెలు తెచ్చిననాడే ఓబులేసు చెప్పి ఉండవలసింది. మీరు అంత ఆలస్యం చేయకండి.