నాలుగో బల్ల దగ్గర మూడో చెయ్యి

వీరభద్రాచారి మాస్టారితో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి పని చెబుతారు. అనకాపల్లి దగ్గర పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు వారానికి రెండు రోజులొచ్చి కొత్తగా చేరిన ఇంజినీర్లకి పని నేర్పుతుంటారు. నట్టు ఎందుకు వదులవుతోంది మాస్టారూ అని అడిగిన ఒక కుర్రాడి చేతిలో పానా పెట్టి, నీకు తెలిసేదాకా బిగిస్తూ విప్పుతూ ఉండమన్నారట. వాడు భోజనం వేళ దాకా అదే పనిలో ఉన్నాడు. జవాబు దొరికిందో లేదో గానీ, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

తనూజకి ఇదంతా తెలుసు. తెలిసి కూడా ఆ గురువారం మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్ళింది, ఎందుకంటే ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మాస్టారూ, చెప్పింది వినని మనిషికి ఇంకెలా చెప్పాలి?"

చెప్పడంలో తను లోటు చేసిందా అంటే, లేదు. ఇంజినీరింగు పూర్తి చేసి ఎనిమిది నెలల కిందట చేరింది. ఏ బల్ల దగ్గర ఏ పని ఎలా చెయ్యాలో కాగితం మీద రాసి, ఫొటోతో సహా అక్కడ తగిలించడం ఆమె ఉద్యోగం. నాలుగో బల్ల నూకరత్నానిది. పంపు మూతి చుట్టూ ఉన్న గాడిలో రబ్బరు రింగు కూర్చోబెట్టి, పైన మూత పెట్టి, నాలుగు బోల్టులు బిగించాలి. ఆ రింగు ఎక్కడ నలిగినా నీళ్ళు కారతాయి. రెండు నెలలుగా కారుతున్నాయి. మొదట తనూజ రాసిన కాగితంలో ఎనిమిది వాక్యాలుండేవి. లీకులొచ్చేసరికి పద్నాలుగు చేసింది. అయినా తగ్గకపోతే ఇరవై ఒకటి చేసి, ముఖ్యమైనవి ఎర్ర అక్షరాల్లో పెట్టింది. చివరికి చూస్తే ముఖ్యం కానిదంటూ ఏదీ మిగల్లేదు, కాగితమంతా ఎర్రబడింది. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి నూకరత్నం కళ్ళెదురుగా తగిలించింది. పైకి చదివించింది. అర్థమైందా అంటే, అయిందమ్మా అంది నూకరత్నం. మర్నాడు మూడు పంపులు కారాయి.

అన్నిటికన్నా ఒళ్ళు మండించే సంగతి ఇంకోటుంది. తనూజ వెళ్ళి పక్కన నిలబడ్డ రోజునే లీకులెక్కువ. చూడని రోజు చేసిన తప్పంటే అజాగ్రత్త అనుకోవచ్చు. మనిషి ఎదురుగా ఉండగా చేసేదాన్ని మొండితనం అనక ఇంకేమంటారు?

ఈ కథ ఆ రోజుతో తేలిపోవాలని ప్లాంటు మేనేజరు తేల్చేశారు. సాయంత్రం నాలుగింటికల్లా కారణం రాసిన రిపోర్టు ఆయన టేబుల్ మీద ఉండాలి. కారణం అన్న గడిలో తనూజ పొద్దున్నే రాసేసింది: సూచనలు పాటించకపోవడం. బాధ్యులు అన్న గడిలో నూకరత్నం పేరు రాసింది. ఇక సంతకం ఒక్కటే. ఆ సంతకం పడితే సోమవారం నుంచి నూకరత్నాన్ని గేటు లోపలికి రానివ్వరు. పదకొండేళ్ళ పని పోతుంది. పెట్టడానికి చెయ్యి రావడం లేదు, మానడానికి కారణమూ కనిపించడం లేదు. ఫైలు చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఇక్కడ తేలింది.

మాస్టారు అంతా విన్నారు. కాగితం నకలు అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని ఇరవై ఒక్క వాక్యాలూ చదివారు. బాగా రాశావమ్మా అన్నారు. అని లేచి షెడ్డులోకి నడిచారు. ఇదిగో మొదలైంది అనుకుంటూ, గడియారం చూసుకుంటూ తనూజ వెనకాలే వెళ్ళింది. మూడున్నర కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

టీ విరామం కాబట్టి లైను ఆగి ఉంది. మాస్టారు నూకరత్నాన్ని పక్కన నిలబడమని, ఆమె స్టూలు మీద తనూజని కూర్చోమన్నారు. బల్లకెదురుగా వేలాడుతున్న ఎర్ర కాగితం తీసి చేత్తో పట్టుకున్నారు. నేను చదువుతాను, ఇందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నారు. తనూజకి నవ్వొచ్చింది. రాసింది తనే కదా.

మొదటి వాక్యం ప్రకారం పంపుని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది. పంపు పొట్ట గుండ్రం. అది నెమ్మదిగా దొర్లి బల్ల అంచు దాకా పోయింది. వెనక్కి తెచ్చింది. మళ్ళీ దొర్లింది. ఎలాగో మోచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఎడమ చేతి వేళ్ళతో రింగుని గాడిలో నొక్కి ఉంచమని చదివారు మాస్టారు. ఉంచింది. కుడి చేత్తో మూతని ఆనించి పట్టుకోమన్నారు. పట్టుకుంది. ఆ రెండూ వదలకుండా, పైన వేలాడే గన్ను అందుకుని మొదటి బోల్టు బిగించమన్నారు.

తనూజ గన్ను వైపు చూసింది. తన చేతుల వైపు చూసింది.

అప్పటికే టీ గ్లాసులతో నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మేడమ్ గారూ, ఇంకో చేతి కోసం స్టోర్సుకి చీటీ రాయించమంటారా అని వెనకనించి ఎవరో అంటే, ఎడం చెయ్యా కుడి చెయ్యా సరిగ్గా రాయించవే అని ఇంకొకరు. మాస్టారి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. రెండూ వదలకుండా అని మరోసారి చదివారు. తనూజ గెడ్డంతో మూత అదిమిపెట్టి, మెడంతా గ్రీజు పూసుకుని ఎలాగో నాలుగు బోల్టులూ బిగించింది. పంపుని నీళ్ళ తొట్టిలో ముంచి లోపలికి గాలి వదిలారు. మూతి చుట్టూ బుడగలు వరస కట్టాయి. ఇంకోటి బిగించింది. దానికీ బుడగలే.

ఫొటోలో కుదిరింది కదా అని విసుక్కుంది తనూజ. ఆ ఫొటో తీసింది తనే. కాగితం లాక్కుని చూసింది. బల్ల మీద పంపు అడ్డంగా, బుద్ధిగా పడుకుని ఉంది. నిజానికి అలా పడుకోబెడితే మూతి ఫొటోలో బాగా పడుతుందని తనే పెట్టించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా అది దొర్లింది. దొర్లకుండా అవతలివైపు నుంచి నూకరత్నం పట్టుకుని నిలబడింది. గాజుల చెయ్యి ఫొటోలో పడితే నీటుగా లేదని, తర్వాత కంప్యూటర్లో కూర్చుని దాన్ని కత్తిరించేసింది.

కాగితం తిరిగి మాస్టారి చేతిలో పెట్టింది. తర్వాత నూకరత్నం వైపు తిరిగి, మరి మీరెలా చేస్తున్నారు అని అడిగింది. అంతవరకూ ఆ మాట తనెప్పుడూ అడగలేదన్న సంగతి అడుగుతుంటేనే తెలిసింది.

నూకరత్నం సూపర్‌వైజరు దగ్గర్లో ఉన్నాడేమో చూసుకుంది. ఆ తర్వాత కాగితం వంక చూసింది.

"కాయితం కోసం సెప్పమంతారా అమ్మా, పంపు కోసం సెప్పమంతారా?"

పంపు కోసమే అంది తనూజ.

నూకరత్నం తన అన్నం సంచీలోంచి పాతచీర పేలికలతో అల్లిన చుట్టకుదురు తీసింది. బిందె దొర్లకుండా కింద పెడతారే, అదే. బల్ల మీద పెట్టి, పంపుని బిందెలాగే మూతి పైకొచ్చేలా దాని మీద నిలబెట్టింది. పంపు కదల్లేదు. గాడిలో పడేసిన రింగు తనంతట తనే సర్దుకుంది. పైన మూత, మూత మీద ఒక చెయ్యి, రెండో చేతిలో గన్ను. టీ చల్లారే లోపల మూడు పంపులు బిగించింది. తొట్టిలో ఒక్క బుడగ లేదు.

పదకొండేళ్ళుగా ఆ బల్ల మీద కుదురు ఉండేదట. రెండు నెలల కిందట ఆడిటు వస్తోందని బల్లలన్నీ శుభ్రం చేయించినప్పుడు దాన్ని చెత్తడబ్బాలో పారేశారు. బల్ల మీద గుడ్డపేలికలు ఉండరాదన్నది కాగితంలో ఆఖరి వాక్యం. ఎవరు రాశారని తనూజ అడగాల్సిన పని లేకపోయింది. నూకరత్నం ఇంటిదగ్గర ఇంకోటి అల్లుకొచ్చి, ఎవరూ చూడనప్పుడు దాని మీద చేసేది. ఆఫీసు మనిషెవరైనా వచ్చి నిలబడితే భయపడి, సంచీలో దాచేసి, కాగితంలో ఉన్నట్టు చేసేది.

అర్థమైందా అని అన్నిసార్లు అడిగాను కదా, అప్పుడే చెప్పొచ్చు కదా అంది తనూజ. గొంతు పెద్దదైంది, అందులో ఏడుపు కూడా ఉంది.

"అర్థమైందమ్మా. ఎందుకవదు? సేయగలవా అని మీరు అడగనేదు."

నాలుగింటికి పావుగంట తక్కువ. విరామం అయిపోయింది, ఆడవాళ్ళు ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. తనూజ అక్కడే నిలబడి ఫైలు తెరిచి, కారణం గడిలో 'పాటించకపోవడం' కొట్టేసి 'పాటించడం' అని రాసింది. కింద గడిలో నూకరత్నం పేరు కొట్టేసి తన పేరు రాసింది. తన పేరు తనకే కొక్కిరిబిక్కిరిగా కనబడింది. ఉద్యోగంలో ఇంకా ఏడాది నిండలేదు.

గెడ్డం మీద గ్రీజు తుడుచుకుంటూ మాస్టారి దగ్గరికొచ్చింది. సూచనలు పాటించడం వల్ల లీకు అంటే మేనేజరు గారు వేళాకోళం అనుకుంటారు, సంగతంతా వివరంగా ఇంకో పేజీ రాసి జత చేస్తాను, అప్పుడైనా ఆయనకి అర్థమవుతుందా అని అడిగింది.

మాస్టారు ఎర్ర కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఏమీ చదివించకు. తీసుకొచ్చి ఈ స్టూలు మీద కూర్చోబెట్టు," అన్నారు. "కుదురు మాత్రం ముందే చూపించకు."