పేరు లేని కవరు

మా వయొలిన్ మేష్టారు కంభంపాటి పేర్రాజు గారికి రెండే పిచ్చులు. ఒకటి సంగీతం, రెండోది క్రికెట్టు. మొదటిదాని గురించి ఏమడిగినా రెండోదానితో జవాబు చెప్పేవారు. కాకినాడలో ఆయన దగ్గర పదేళ్లు కూర్చున్నాక కూడా నాకు కమాను పట్టడం సరిగ్గా రాలేదు గాని, లెగ్ బై అంటే ఏమిటో మాత్రం బాగా తెలిసింది.

ఒకనాడు నాతోపాటు నేర్చుకునే చామర్తి రాజ్యలక్ష్మి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చేసింది. పెళ్లిళ్లలో వాయించి ఆ డబ్బుతో ఇల్లు గడుపుకునే మనిషి. ఊళ్లో పెద్ద సంగీత సభవారు తొలిసారి కచేరీ ఇస్తామన్నారు. కాకపోతే, తాను డబ్బు కోసం వాయించనని ఆ కాగితం మీద సంతకం పెట్టాలట.

"దారి ఖర్చులని చెప్పి తరవాత కవర్లో పెట్టి ఇస్తారటండీ. పెళ్లివాళ్లు ఇచ్చేదానికంటే ఎక్కువే. సాయంత్రంలోగా చెప్పమన్నారు. కాదంటే మళ్లీ పిలవరు. డబ్బు పుచ్చుకుంటే విద్యకి మైల అంటుకుంటుందా మేష్టారూ?" అంది.

మేష్టారు కమానుకి రోజను బిళ్ల రుద్దుకుంటూ, "విక్టోరియా రాణి నాటి ముచ్చటొకటి విన్నాను. నిజంగా జరిగిందా అని మాత్రం నన్నడక్కు" అని మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఒకే జట్టులో రెండు రకాల ఆటగాళ్లుండేవారు. సరదాకి ఆడే దొరలు, కూలికి ఆడేవాళ్లు. దొరలు పెవిలియన్ మధ్య మెట్లు దిగి మైదానంలోకి వచ్చేవారు. తక్కినవాళ్లు పక్కనున్న చిన్న గేటులోంచి రావాలి. దొర డబ్బు ముట్టడు, అదే ఆయన గొప్ప. ఖర్చులు మాత్రం ముట్టేవాడు. ఆ ఖర్చులు కూలివాడి కూలికి పదింతలుండేవి. దొరకి డబ్బిచ్చినట్టు ఎక్కడా కనబడకూడదు గనక ఆ కవరు మీద పేరు రాసేవారు కాదు.

ఒక జట్టులో హార్కెట్ అని ఒక బౌలరు ఉండేవాడు. మేజోళ్లు నేసేవాళ్ల ఇంట పుట్టినవాడు. మ్యాచికి ఐదు పౌన్లు, రైలు ఛార్జీ, బస అందులోంచే. చలికాలం ఆటా లేదు, కూలీ లేదు, మళ్లీ మగ్గం ముందు కూర్చోవలసిందే. క్లబ్బువారికి కోపం వస్తే ఎండాకాలం కూడా మగ్గమే.

ఒక శనివారం సాయంత్రం అతను టోపీ తీసి క్లబ్బులో కూలి ఇచ్చే కిటికీ ముందు నిలబడితే, కొత్త గుమాస్తాకి హార్కెట్ పేరున్న కవరు కనబడలేదు. సొరుగులో పేరు లేనిది ఒకటుంది. ఇదే అయ్యుంటుందనుకుని ఇచ్చేశాడు. పద్దు పుస్తకం లోపలుంది, సోమవారం సంతకం పెడుదువుగాని అన్నాడు. హార్కెట్ ఇంటికెళ్లి విప్పితే యాభై పౌన్లు!

భార్య గబగబా వెళ్లి తలుపు గడియ పెట్టింది. "రేపు డబ్బు పోయిందంటే పోలీసులు దొరగారింటికి వెళ్లరు. మన గుమ్మంలోకే వస్తారు" అంది. ఆదివారం చర్చిలో పక్కవాడు దగ్గినా హార్కెట్ ఉలిక్కిపడ్డాడు. తిరిగి ఇవ్వాలన్నా భయమే. అది ఎవరికి చేరవలసిందో అతనికి తెలుసు, జట్టులో అందరికీ తెలుసు, పైకి అనకూడదంతే.

సోమవారం ఆట మొదలయ్యే ముందు అతను దొరల మెట్లెక్కి పెవిలియన్‌లోకి వెళ్లాడు. సెక్రటరీ, కెప్టెను ఆష్‌బీ దొర, పదిమంది పెద్దమనుషులు టీ తాగుతున్నారు.

"అయ్యా, ఇది నాది కాదండి. పొరపాటున నాకిచ్చారు" అన్నాడు.

సెక్రటరీ ముఖం పాలిపోయింది. "మేమిచ్చే కవర్ల మీద పేర్లుంటాయి. ఇది మాది కాదు" అన్నాడు.

హార్కెట్ కెప్టెను వైపు తిరిగి, "పోనీ తమదేమోనండి?" అన్నాడు.

కప్పులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆష్‌బీ దొర ఎర్రబడిపోయి, "నేను డబ్బుకి ఆడతానని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

పట్టుకెళ్తే దొంగ, ఇచ్చేస్తానంటే పుచ్చుకునే నాథుడు లేడు. హార్కెట్ ఆ కవరు టీ బల్ల మీద పెట్టాడు.

"మరి నా ఐదూ ఇప్పించండయ్యా. నేను డబ్బుకే ఆడతాను" అన్నాడు.

ఇచ్చారు. పుస్తకంలో సంతకం పెట్టి, చుట్టూ తిరిగి పక్క గేటులోంచి మైదానంలోకి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి బల్ల మీద కవరు లేదు. తీశానని ఎవరూ అనలేదు, పోయిందని కూడా ఎవరూ గోల పెట్టలేదు.

"తరవాత అతన్ని ఆడనిచ్చారాండీ?" అని రాజ్యలక్ష్మి అడిగింది.

"ఆ ఏడు ఆడనిచ్చారు. మరుసటేడు పిలవలేదు."

ఆమె ముఖం వాడిపోయింది. నాకు మేష్టారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అసలే హడలిపోయి వచ్చిన పిల్లకి కాస్త ధైర్యం చెప్పే ముచ్చటే దొరకలేదా ఈయనకి అనుకున్నాను. రాజ్యలక్ష్మి ఆ కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"ఇంతకీ సంతకం పెట్టమంటారా, వద్దంటారా మేష్టారూ?"

మేష్టారు కమాను తీగల మీద ఆనించి, వాయించకుండా ఆమె వైపు చూశారు.

"ఆ కవరు మీద నీ పేరు రాసి ఇస్తారేమో, ముందు అది కనుక్కురా అమ్మాయ్" అన్నారు.