తుపాకీ మూతి మీద కత్తి

బొబ్బిలి గరిడీశాలలో కర్రసాము నేర్పే పోలినాయుడుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ‘ఎలా’ అని అడిగితే చేసి చూపించేవారు. ‘ఎందుకు’ అని అడిగితే మాత్రం కర్ర గోడకు చేర్చి కూర్చునేవారు. ఆయన వయసులో ఉండగా పటాలంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా ఎడారిదాకా వెళ్లి వచ్చారు.

గౌరీపతి అనే శిష్యుడు ఒకనాడు పోలీసుల కవాతు చూసి వచ్చి, సాము మొదలుపెట్టకుండా నిలబడ్డాడు.

“గురువుగారూ, వెనకటి తుపాకీ ఒకసారి పేలితే మళ్లీ మందు దట్టించేదాకా ఉత్త కర్రే కదండీ. అందుకని గొట్టంలోకే కత్తి దూర్చేవారట. కత్తి దూరిస్తే తుపాకీ పేలదు. ఆ తర్వాత పక్కన తగిలించడం కనిపెట్టారు. అంతవరకు తెలిసింది. ఇప్పటి రైఫిలు వరసగా పేలుతుంది, కనుచూపు మేర కొడుతుంది. ఇంకా దాని మూతికి ఆ బాయొనెట్టు కత్తి ఎందుకండీ?”

పోలినాయుడుగారు కర్ర గోడకు చేర్చి, తన దళంలోని తవిటయ్య అనే సిపాయి సంగతి ఎత్తుకున్నారు.

తవిటయ్యది పార్వతీపురం పక్క పల్లె. గురి పెడితే తప్పేది కాదు. దూరాన మనిషి చీమంత కనపడినా పడగొట్టేవాడు. పడగొట్టి, రొట్టె తిని, హాయిగా నిద్రపోయేవాడు. అతనిలో పాపచింత గాని, గొప్ప గాని ఉండేవి కావు. మామిడికాయ రాలగొట్టినవాడికి ఉండేంత తృప్తి, అంతే.

ఒక ఉదయం ఇసుక తుఫాను లేచింది. రైఫిళ్లు కీళ్లలో ఇసుక చేరి బిగుసుకుపోయాయి. బాయొనెట్లు తగిలించి తురుష్కుల కందకం మీద పడమని ఉత్తరువు వచ్చింది. కందకంలోకి దూకిన తవిటయ్యకు ఎదురుగా, దుమ్ములోంచి ఒకడు వచ్చిపడ్డాడు. వాడి చేతిలోనూ అలాంటి తుపాకీయే, అలాంటి కత్తే. రెండు తుపాకులూ అడ్డంగా మెలికపడి ఇరుక్కున్నాయి. ఎవరు పట్టు సడలిస్తే వాడి కడుపులో కత్తి దిగుతుంది. ముఖాల మధ్య జానెడు దూరం. వాడి నోటి ఉల్లివాసన తవిటయ్యకు తెలుస్తోంది.

“వదిల్తే పొడిచేత్తావేటి?” అన్నాడు తవిటయ్య, తెలుగులోనే.

వాడు కూడా ఏదో అన్నాడు. ముక్క అర్థం కాలేదు గాని, అదీ ప్రశ్నేనని గొంతు చెప్పింది.

అంతలో వాడికి దగ్గు వచ్చింది. ఇసుక గొంతులో పడ్డట్టుంది. కళ్లు మూసుకుని, ఒళ్లంతా కదిలేలా దగ్గాడు. పట్టు సడలింది. తవిటయ్య తుపాకీ విడిపడింది. ఒక్క పోటు చాలు. తవిటయ్య పొడవలేదు, దగ్గు ఆగేదాకా నిలబడ్డాడు. వాడు కళ్లు తెరిచి, తాను బతికే ఉన్నందుకు తికమకపడి, ముందుగా తన కత్తి మొన కిందికి దించాడు. తవిటయ్యా దించాడు. వాడు వెనకడుగు వేసుకుంటూనే దుమ్ములో కలిసిపోయాడు.

కొన్నాళ్లకు గాలి తేటపడింది. తవిటయ్యను దిబ్బ మీద కాపలా పెట్టారు. అవతలి వైపు ఒకడు నీళ్లకని కాలవలోకి దిగుతున్నాడు. చూస్తే చీమంత. పక్కనున్న హవల్దారు “కొట్టు” అన్నాడు. తవిటయ్య గురి పెట్టాడు, కాల్చలేదు.

“ఏం చూస్తున్నావురా?”

“దగ్గుతన్నాడేమోనని సూస్తన్నానండి.”

కదనరంగంలో ఉత్తరువు కాదంటే ప్రాణానికే ముప్పు. హవల్దారు మంచివాడు కాబట్టి, కళ్లు చెడ్డాయని చెప్పి డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు కంటి పరీక్షకని చూపించిన సన్న గీతలన్నీ తవిటయ్య తడుముకోకుండా చెప్పేశాడు. డాక్టరు అతని వంక కాసేపు చూసి, దుమ్ము వల్ల చూపు మందగించిందని రాశాడు. తవిటయ్యను కంచరగాడిదలు తోలే పనికి మార్చారు. యుద్ధం ముగిసేదాకా అవే తోలి ఇంటికి చేరాడు.

గౌరీపతి “అయితే బాయొనెట్టే నయమంటారా?” అన్నాడు.

“నేననలేదు. ఆ పొద్దు అదే కందకంలో పొడిచినవాళ్లు చాలామంది. నా పక్కవాడు పొడిచాడు, తర్వాత వాణ్ణీ పొడిచారు.”

పోలినాయుడుగారు లేచి కర్ర అందుకున్నారు.

“తుపాకీకి పొడుగు చాలక ఆ కత్తి తగిలించారని మాకు చెప్పారు, నాయనా. తవిటయ్యకు మాత్రం ఆ కత్తి తర్వాత దూరానున్నవాడూ జానెడు దూరంలోనే కనపడ్డాడు; అతని తుపాకీ పొట్టిదైపోయింది.”